నీళ్ల కంపౌండర్

జహీరాబాద్ బస్టాండులో బీదర్ బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, స్తంభానికి కొత్తగా అంటించిన ఒక కాగితం కనిపించింది. చుట్టూ నల్ల గీత, మధ్యలో ఒక మనిషి ఫొటో. నాకు చదవడం వచ్చి అప్పటికి ఏడాది దాటలేదు. కనిపించిన ప్రతి కాగితాన్నీ కూడబలుక్కుని చదివే రోజులవి. పేరు చదివాను, ఊరు చదివాను. ఎవరో తెలియలేదు. మళ్లీ ఫొటో వైపు చూశాను. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. తెల్ల చొక్కా చేతులు మణికట్ల దాకా దించి, గుండీలు పెట్టి ఉన్నాయి.

అప్పుడు తెలిసింది ఎవరో.

పక్కనే అల్లం బస్తాల మీద కూర్చున్న ఇద్దరు కూడా అటే చూస్తున్నారు.

"అరె, గా నీళ్ల కంపౌండర్ గాదు? పోయిండా?" అన్నాడు ఒకాయన.

"పోతే పోయిండు తియ్. ఆడ గూడ ఎవలకో ఒకలకు నీళ్ల సూది గుచ్చుతనే ఉంటడు," అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. ఆయనకు ఆ పేరు రావడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను. కాగితం మీద చదివిన పేరు మాత్రం రాయను. బతికున్నన్నాళ్లూ మేమంతా ఆయనను కంపౌండర్ సాబ్ అనే పిలిచాం. ఆ చొక్కా చేతుల కింద ఏముందో ఆయన పిల్లలకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

ఆయన సూది గుచ్చే తీరు మొదట చెప్పాలి. మందు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు దొర్లించేవాడు, చల్లటి మందు ఒంట్లోకి పోతే నొప్పెడుతుందని. చిన్న ఆకురాయితో సీసా మెడ మీద గీత గీసి, వేలితో టక్కున విరిచేవాడు. దూది అద్దేవాడు. ఆ తర్వాత అడిగేవాడు.

"పెద్దమ్మ, ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?"

"ఏం కూర బిడ్డా, పుంటికూర. అండ్ల ఇన్ని పల్లీలు దంచి..."

"అయిపోయింది. లే."

"ఏడ గుచ్చినవు? ఇంక గుచ్చనే లేదు గద."

"పల్లీలు ఎన్ని ఏసినవో ఇంటికాడ చెప్పుకో, లే."

ఎవరొచ్చినా అదే ప్రశ్న. బీదర్ వైపు నుంచి వచ్చేవాళ్లను కన్నడంలో అడిగేవాడు. జవాబు సగంలో ఉండగా పని అయిపోయేది. పూర్తి జవాబు ఆయన ఎప్పుడూ వినలేదు. "కంపౌండర్ సాబుకు తాలూకంత ఏం కూర వండుకుంటున్నరో ఎరుకే గని, ఒక్క కూర గూడ తినలే పాపం," అని బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు. ఎండాకాలంలో కూడా ఆ పొడుగు చేతుల చొక్కానే. చెమటకు చంకల్లో తడిసిపోయేది, గుండీలు మాత్రం విప్పేవాడు కాదు.

ఆ దవాఖాన బొంబాయి రోడ్డు మీద, లారీలు ఆగే చోటికి దగ్గరలో ఉండేది. రెండు గదులు, ముందు వసారా, వసారాలో ఒక పొడుగాటి బెంచీ. నొప్పుల దవాఖాన అని అందరూ అనేవాళ్లు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, తల నొప్పి, ఏ నొప్పికైనా అక్కడ ఒకటే సూది. మొదటి మూడు సూదులకు డాక్టర్ పైసా అడిగేవాడు కాదు. "నొప్పిల ఉన్న మనిషిని పైసలు అడుగుతమా?" అనేవాడు. నాలుగో రోజుకు ఆ మనిషి అడిగించుకోకుండానే తెచ్చి ఇచ్చేవాడు. చెరుకు నరికేవాళ్లు, లారీ డ్రైవర్లు, రాయికోడ్ నుంచి బస్సు మీద వచ్చే రైతులు, అందరూ రోజూ వచ్చేవాళ్లు. ఒక రైతు తన అల్లం మడి అమ్ముకుని కూడా వచ్చాడు. ఎవరైనా మానేస్తామంటే డాక్టర్ మెల్లగా చెప్పేవాడు: "లోపట నరం నలిగింది. సూది ఆపితే కాళ్లు పడిపోతయి. నీ ఇష్టం." ఆపి చూసినవాళ్లకు రెండో రోజే ఒళ్లంతా వణుకు, వాంతులు, ఎముకల్లో పీకుడు వచ్చేవి. డాక్టర్ చెప్పింది నిజమేననుకుని పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లు.

మా ఆయన చెరుకు లోడు ఎత్తేవాడు. ఒక రోజు లారీ మీద నుంచి కట్టతో సహా జారి పడ్డాడు. నడుం పట్టేసింది. సర్కారు దవాఖానలో మూడు నెలలు మంచం దిగవద్దన్నారు. మూడు నెలలు పడుకుంటే తినేదేమిటి? ఎవరో నొప్పుల దవాఖాన పేరు చెప్పారు. మొదటి సూదికే లేచి కూర్చున్నాడు. నేను ఆ డాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. నాలుగు నెలలు గడిచేసరికి ఇంట్లో అమ్మడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు డాక్టరే ఒక దారి చెప్పాడు.

"ఈడ ఊడ్చి, సూదులు మరగబెట్టే మనిషి గావాలె నాకు. నువ్వు చెయ్యమ్మా. జీతం ఎందుకు నీకు? మీ ఆయన సూదే నీ జీతం అనుకో. పొద్దుగాల ఒకటి, మాపున ఒకటి."

నేను ఒప్పుకున్నాను. పొద్దున్నే ఇద్దరం కలిసి పోయేవాళ్లం. ఆయన బెంచీ మీద కూర్చునేవాడు, నేను కిరోసిన్ స్టవ్ మీద గాజు సిరంజీలు మరగబెట్టేదాన్ని. నా చాకిరీ అంతా రోజుకు రెండుసార్లు మా ఆయన చేతిలోకి ఎక్కేది.

కంపౌండర్ సాబ్ నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రెండు మూడు రోజులకోసారి మాత్రం ఒక మాట అడిగేవాడు.

"చెల్లె, నిన్న మీ ఆయన ఎన్ని రొట్టెలు తిన్నడు?"

"ఒకటి తిన్నడు సాబ్, అదిగూడ నేను తిడితే."

ఊఁ అని తల ఆడించి పనిలో పడేవాడు. ఎందుకు అడుగుతాడో తెలియదు. కూరల సంగతి అడిగే మనిషి, రొట్టెల సంగతి కూడా అడుగుతున్నాడులే అనుకున్నాను.

దీపావళి పోయాక మా ఆయన గునగడం మొదలుపెట్టాడు. "సూదిల ఎనుకటి జోరు లేదే. నీళ్లు గుచ్చుతున్నడేమో వాడు." నేను పట్టించుకోలేదు. కానీ రోజూ అదే మాట. కోపంగా ఉండేవాడు, చెమటలు పట్టేవి, కసురుకునేవాడు. ఆ కోపంలోనే రొట్టె ఇంకోటి అడిగి తినేవాడు. ఆ రెండూ కలిపి చూడాలని నాకు తోచలేదు.

నాకు చదువు రాకపోయినా సీసాలు గుర్తుపట్టేదాన్ని. మెడ చుట్టూ నీలిగీత ఉంటే మందు, గీత లేకపోతే ఉత్త నీళ్లు. పొడి మందులు కలపడానికి నీళ్ల సీసాలు వాడేవాళ్లు. విరిచిన మూతలు ఊడ్చేది నేనే కాబట్టి, గీత లేని మూతలు రోజురోజుకీ ఎక్కువవుతున్నాయని నాకు కనిపించింది. ఒక రోజు పొద్దున స్టవ్ పక్క నుంచి చూశాను. కంపౌండర్ సాబ్ నీలిగీత సీసాలోంచి కొంచెమే లాగాడు. మిగతాది నీళ్లతో నింపాడు. సగానికి పైగా మందు మిగిలిన సీసాను దూదిలో చుట్టి, గోడ వెనక్కి పోయాడు. తిరిగి వచ్చేసరికి సీసా ఖాళీ. దాన్ని ఖాళీల డబ్బాలో వేశాడు, సాయంత్రం డాక్టర్ లెక్క చూసుకుంటాడని.

నాకు ఒళ్లు మండింది. ఎండాకాలంలో కూడా విప్పని ఆ చొక్కా చేతులు గుర్తొచ్చాయి. తానే ఎక్కించుకుంటున్నాడు అనుకున్నాను. నా మొగుడి మందు, నా జీతం, గోడ వెనక్కి పోయి తాను ఎక్కించుకుంటున్నాడు.

సోమవారం డాక్టర్ స్కూటర్ దిగగానే చెప్పేశాను.

"మంచి పని చేసినవమ్మా," అన్నాడు ఆయన. గొంతు కూడా పెంచలేదు. నేరుగా గదిలోకి పోయాడు. కంపౌండర్ సాబ్ చేతిలో నింపిన సిరంజి ఉంది, ఎదురుగా స్టూలు మీద మా ఆయన ఉన్నాడు. డాక్టర్ సిరంజి తీసుకుని, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ల సంది?"

"దీపావళి సంది," అన్నాడు కంపౌండర్ సాబ్.

"ఎవలెవలికి?"

"రోజు వచ్చేటోళ్లందరికి."

పరదా తీసే ఉంది. బెంచీ మీద ఉన్నవాళ్లంతా విన్నారు. ఒక లారీ డ్రైవర్ లేచి లోపలికి వచ్చాడు.

"నాగ్గూడనా?"

"నీగ్గూడ తమ్మీ. పోయిన వారం రెండు దినాలు రాలే నువ్వు. ఏడికి పోయినవు?"

"షోలాపూర్ లోడు దొరికింది."

"మరి సూది లేకుంట రెండు దినాలు బండి నడిపినవా లేదా?"

ఆయన చెబుతున్నదేమిటో డ్రైవరుకు అర్థమైందని నాకు అనిపించింది. అర్థమైనందుకే కోపం ఇంకా పెరిగింది. "నాకు నీళ్లు గుచ్చెతందుకు నువ్వెవనివిరా?" అంటూ చెంప మీద కొట్టాడు. వెనక నుంచి ఇంకొకరు చొక్కా పట్టుకున్నారు. మా ఆయన స్టూలు మీద నుంచే, "నా పెండ్లాం కష్టం తిన్నవు గదరా దొంగా," అన్నాడు.

కంపౌండర్ సాబ్ నా వైపు తిరిగాడు. పెదవి చిట్లి ఉంది.

"చెల్లె, నిన్న ఎన్ని రొట్టెలు తిన్నడు?"

నేను చెప్పలేదు. నిన్న మూడు తిన్నాడు.

నలుగురూ కలిసి ఆయనను మెట్లు దింపి రోడ్డు మీదికి తోశారు. కింద నిలబడి ఆయన ఒక్క మాట అన్నాడు, అది కూడా డాక్టరుతో.

"సాబ్, పాత మోతాదు ఇయ్యకుండ్రి. వీళ్ల ఒళ్లు గిప్పుడు తట్టుకోదు."

"నువ్వు జెప్తవారా నాకు?" అన్నాడు డాక్టర్. లోపలికి వచ్చి మా ఆయన భుజం తట్టాడు. "ఇన్నాళ్లు మోసపోయినవు పాపం. ఇయ్యాల రెండు సీసాలు ఇస్త, తియ్." మా ఆయన ముఖం వెలిగిపోయింది. సిరంజి అందించమని డాక్టర్ చెయ్యి చాపాడు. బయటి నుంచి వచ్చిన మాట నా చెవిలోనే ఉంది. అయినా దొంగ మాట వినడమేమిటి అనుకున్నాను. మరిగిన సిరంజి పట్టకారుతో తీసి నేనే అందించాను.

డాక్టర్ ఏం కూర అని అడగలేదు. గుచ్చేశాడు.

కాసేపటికి మా ఆయన గోడకు జారగిలబడ్డాడు. గురక మొదలైంది. అది రోజూ వినే గురక కాదు, ఒకటి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టు ఉంది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. పిలిచాను, పలకలేదు. డాక్టర్ వచ్చి కనురెప్ప ఎత్తి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"మంచిగ నిద్ర పట్టింది. బయట పండబెట్టు, గాలి తాకుతది," అన్నాడు. బెంచీ మీది వాళ్ల చేత మోయించి వసారా మెట్ల కింద పడుకోబెట్టించాడు. గదికి తాళం వేశాడు. సంగారెడ్డిలో పని ఉందని స్కూటర్ ఎక్కాడు. తాళం పడేసరికి, అంతవరకూ అక్కడ గుమిగూడినవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

నేను రోడ్డు పక్కన మట్టిలో కూర్చుని మొగుడి తల ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు రోడ్డుకు అవతల, చాయ్ హోటల్ తడిక పక్క నుంచి కంపౌండర్ సాబ్ లేచాడు. ఆయన పోలేదు. ఇట్లా అవుతుందని తెలిసే అక్కడ కూర్చున్నాడు. లారీలకు చెయ్యి అడ్డం పెట్టి రోడ్డు దాటి వచ్చాడు.

"ఎన్ని సీసాలు?"

"రెండు."

ఇంకేమీ అడగలేదు. ఫ్యాక్టరీ వైపు పోతున్న చెరుకు ట్రాక్టరుకు ఎదురు నిలబడి ఆపాడు. డ్రైవరూ ఆయనా కలిసి మా ఆయనను ట్రాలీలో చెరుకు మీదికి ఎక్కించారు. సర్కారు దవాఖాన ఊరికి ఆ చివర. ట్రాక్టర్ ఊగుకుంటూ పోతుంటే, కంపౌండర్ సాబ్ మా ఆయనను ఒక పక్కకు తిప్పి, వెనక నుంచి పట్టుకుని, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దుతూ చెవిలో అరిచాడు.

"తమ్మీ. ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?"

పలుకు లేదు. మళ్లీ రుద్దాడు.

"నిన్నే. ఏం కూర?"

"ప...ప్పు."

"ఏం పప్పు? చెప్పు. శ్వాస తీసుకో, చెప్పు."

"పెసర..."

"అండ్ల ఏమేసిన్రు? పండకు. అండ్ల ఏమేసిన్రు?"

మా ఆయన ఒక్కో మాటకూ ఒక శ్వాస తీశాడు. మాట ఆగితే శ్వాస ఆగేది. ఆగినప్పుడల్లా ఆయన రుద్దేవాడు, అడిగేవాడు. పప్పు అయింది, మొన్నటి కూర అయింది, పెళ్లినాటి వంటలు అయ్యాయి. అన్నేళ్లలో మొదటిసారి కంపౌండర్ సాబ్ ఒక జవాబును చివరి దాకా విన్నాడు. దవాఖాన గేటు దగ్గరికి వచ్చేసరికి అడిగి అడిగి ఆయన గొంతు కీచుమంటోంది.

అక్కడి డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దాకా పక్క నుంచి కదల్లేదు. పొద్దు గూకే వేళకు మా ఆయన కళ్లు తెరిచాడు. తెరిచి మొదట అడిగింది సూది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇంట్లో గడిచిన తీరు చెప్పడం కష్టం. ఆయన గోడలకు తల కొట్టుకున్నాడు, నన్ను తిట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఒక్క సూది తెచ్చి పెట్టమని ఏడ్చాడు. కంపౌండర్ సాబ్ పొద్దున మొదటి బస్సుకు చిరాగ్‌పల్లి దాటి ఉన్న తన ఊరి నుంచి వచ్చేవాడు, పొద్దుగూకే బస్సుకు పోయేవాడు. ఉప్పు, చక్కెర వేసిన నీళ్లు గుక్కగుక్కగా తాగించేవాడు, కాళ్లు పట్టేవాడు.

మూడో రోజు మా ఆయన కంపౌండర్ సాబ్ ముఖం మీద ఉమ్మాడు. "నీకేం తెలుసురా నా బాధ?" అన్నాడు.

కంపౌండర్ సాబ్ ముఖం తుడుచుకుని, చొక్కా గుండీలు విప్పి, రెండు చేతులూ మోచేతుల పైదాకా మడిచాడు. చర్మమంతా గుంటలు, గట్టిపడ్డ మచ్చలు. నరం అన్నది కనిపించలేదు.

"నేను గూడ గా బెంచీ మీద కూసున్నోన్నే తమ్మీ. కిడ్నీల రాయని పోయిన. రాయి పడిపోయింది, సూది మిగిలింది. నా జీతం గూడ సూదే ఉండె, రెండేండ్లు. ఇది అఫీము, నల్లమందు లెక్కనే. ఆపితే వచ్చేది నొప్పి గాదు, అది సూది మీది ఆకలి. ఒక్కసారి ఆపుతే గిట్లనే సంపుతది. జర జర తగ్గిస్తే తెల్వకుండ పోతది. నీళ్లు ముందుగాల నాకే కలుపుకున్న. ఎనిమిది నెలలు పట్టింది."

మా ఆయన ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు. మళ్లీ తిట్టలేదు.

"బాగైనంక ఇడిసిపెట్టి పోకపోతిరి సాబ్, ఆడ్నే ఎందుకున్నరు?" అని అడిగాను.

"నేను పోతే నా జాగల ఇంకొకడు వస్తడు చెల్లె. వాడు నీళ్లు కలుపడు."

"నాకన్న ఒక్క మాట జెప్పకపోతిరి."

"నీకు జెప్తే నువ్వు ఇంట్ల జెప్తుంటివి. గుచ్చించుకునేటోనికి ఎరుకైతే నీళ్లు పని చెయ్యయి." నీళ్ల గ్లాసు నింపుతూ, "ఇంకొక నెల ఉంటె అయిపోతుండె. మీ ఆయనకు మూడు వంతుల నీళ్ల దాకా వచ్చిన," అన్నాడు.

నిందించినట్టు కాదు, పని మిగిలిపోయిందే అన్నట్టు అన్నాడు. ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది. ఆ మందు ఆయన గోడ వెనక నేను పోసిన చెత్త కుప్పలోనే ఒంపేవాడని కూడా అప్పుడే తెలిసింది.

పదిహేను రోజులకు నొప్పుల దవాఖాన మళ్లీ తెరిచారు. బెంచీ మీద మళ్లీ వాళ్లే. రాయికోడ్ నుంచి వచ్చే ఆ అల్లం రైతు ఉగాదికి ముందే పోయాడు, నిద్రలో పోయాడన్నారు. రెండేళ్ల తర్వాత డాక్టర్ బోర్డు పీకేసి ఇంకో ఊరికి పోయాడు. ఆయనను ఎవరూ దొంగ అనలేదు. దొంగ అని పేరు పడింది నీళ్లు కలిపినవాడికి. నీళ్ల కంపౌండర్ అన్న పేరు బస్సుల మీద ఊరూరికీ పోయింది. జహీరాబాదులో ఏ దవాఖానా ఆయనను పనిలో పెట్టుకోలేదు. వాళ్ల ఊళ్లోనే పశువులకు సూదులు వేసుకుంటూ బతికాడని తర్వాత విన్నాను. బస్టాండు నుంచి ఇంటికి తిరిగొచ్చి ఆ కాగితం సంగతి చెబితే, మా ఆయన చేస్తున్న పని ఆపి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

అప్పట్లో, సూది ఆపిన తొమ్మిదో రోజున మా ఆయన స్నానం చేసి, వాకిట్లో ఎండకు కూర్చుని, ఆకలేస్తోందన్నాడు. కంపౌండర్ సాబ్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఇక రాడని నాకు తెలుసు. ఆయన కాళ్ల మీద పడి చెప్పాలనుకున్న మాట మూడు రోజులుగా లోపల కూర్చుకుంటూనే ఉన్నాను. తప్పు చేసిన సాబ్, నేనే చెప్పిన, మీ నోటికాడి కూడు నేనే తీసిన. ఇవీ ఆ మాటలు. చేతిలో రొట్టె పిండితోనే లేచి గడప దగ్గరికి పోయాను. నోరు తెరిచాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. చొక్కా చేతులు దించి, ఒక్కో గుండీ పెట్టుకున్నాడు.

"చెల్లె, ఇయ్యాల ఏం కూర?"

"సోరకాయ సాబ్," అన్నాను అలవాటుగా. "అండ్ల ఇన్ని శెనగపప్పులు ఏసి, జర చింతపులుసు పోసి..."

పులుసు అనేసరికి ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.